చిన్న పుస్తకాల షాపు పెట్టుకుని లోకల్ రచయితలకి, ఆర్టిస్టులకి అవార్డు ఇవ్వాలంటే

శాలువా కప్పి, షీల్డు చేతిలో పెట్టి, ఫొటో దిగి పంపించేస్తే ఆ రచయిత ఇంటికెళ్ళి చూసుకునేది మంచం కింద అట్టపెట్టెల్లో మిగిలిపోయిన 300 కాపీలనే. అందుకే పుస్తకాల షాపు అవార్డు ఇస్తే అది వేరేగా ఉండాలి, ఎందుకంటే మన దగ్గర షెల్ఫ్ ఉంది, రోజూ లోపలికొచ్చే పాఠకుడున్నాడు, మిగతా సంస్థలకి ఈ రెండూ లేవు. మాది విజయనగరంలో చిన్న షాపు, ఇద్దరం చూసుకుంటాం, మేం చేసే పద్ధతే చెప్తున్నా, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

షాపువాళ్లు అవార్డేంటి అని అడిగేవాళ్లు ఉంటారు. ఇటలీలో పొంత్రెమోలి అనే చిన్న ఊళ్ళో, గంపల్లో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్ల వారసులు 1953 నుంచి బాంకరెల్లా అనే ప్రైజ్ ఇస్తున్నారు. జపాన్‌లో 2004 నుంచి పుస్తకాల షాపుల్లో పనిచేసేవాళ్లే ఓట్లేసి ఆ ఏడాది పుస్తకాన్ని ఎంచుతారు. దగ్గర్లో చూస్తే బెంగళూరులో అట్టా గలాటా అనే షాపు అక్కడి లిటరేచర్ ఫెస్టివల్‌తో కలిసి ఇస్తోంది, అందులో కవర్ డిజైన్‌కీ ఒక ప్రైజ్ ఉంది. మాకు ఆర్టిస్టుల ఆలోచన వచ్చింది అక్కడ్నుంచే.

ముందు డబ్బు సంగతి. మా లెక్క ఇది: రచయితకి 15,000, కవర్ ఆర్టిస్టుకి 10,000, ముగ్గురు జడ్జిలకి తలా 3,000 చొప్పున 9,000. గెలిచిన పుస్తకం 50 కాపీలు షాపే నగదు పెట్టి కొంటుంది, 200 రూపాయల పుస్తకం 35 శాతం కమీషన్ పోగా 130 కి వస్తుంది కాబట్టి 6,500. పోస్టర్లు, కుర్చీలు, టీ కలిపి 4,500. మొత్తం 45,000. ఒకేసారి తీయాలంటే గుండె ఆగుతుంది గానీ రోజుకి 125 రూపాయలు గల్లాపెట్టె పక్కన వేరే డబ్బాలో వేస్తూ పోతే ఏడాదికి అంతే అవుతుంది. తక్కువ పడితే ప్రైజ్ తగ్గించండి, కాపీలు కొనడం మాత్రం ఆపకండి, అది కూడా అప్పు మీద కాదు, అమ్ముడయ్యాక ఇస్తాం అని కాదు, కొనేసి డబ్బు చేతిలో పెట్టాలి. షాపుల్లో పుస్తకాలు వేసి మూడేళ్లయినా లెక్క అందని రచయితలు నాకు చాలామంది తెలుసు, వాళ్లకి ఆ 6,500 ఎంత నమ్మకం ఇస్తుందో చూస్తే గానీ అర్థం కాదు.

స్పాన్సర్ దొరికితే తీసుకోండి, పేరు కరపత్రం మీద వేయండి, కానీ జడ్జిల దగ్గరకి వెళ్ళనివ్వొద్దు. మొదటి ఏడాది ఒకాయన డబ్బిస్తానని చెప్పి, తర్వాత వాళ్ల బావగారి కవితల పుస్తకం పంపి "కొంచెం చూడండి" అన్నారు. డబ్బు వెనక్కిచ్చేశాం, ఆ ఏడాది ప్రైజ్ సగానికి తగ్గించాం. అదేం నష్టం అనిపించలేదు.

లోకల్ అంటే ఎవరు అనేది ముందే రాసి పెట్టుకోకపోతే తర్వాత గొడవే. 2022 లో జిల్లాలు విడిపోయాక పార్వతీపురం మన్యం వేరైంది, మరి సాలూరు రచయిత లోకలా కాదా? మేం ఉమ్మడి జిల్లా అని రాశాం, అక్కడ పుట్టినవాళ్లయినా సరే, ఇప్పుడు అక్కడ ఉంటున్నవాళ్లయినా సరే. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేస్తూ మన ఊరి మీద కథలు రాసేవాళ్లు కూడా ఇలా లోపలికొస్తారు. ఇంకోటి, తెలుగు ఒక్కటే అనొద్దు. మా ఏజెన్సీలో సవర, కువి అనే గిరిజన భాషలు మాట్లాడే పిల్లలు ఇప్పుడు రాస్తున్నారు, గిడుగు రామమూర్తి గారు సవర కోసం ఏళ్ల తరబడి పనిచేసిన ప్రాంతం ఇది, వాళ్ల పుస్తకం తెలుగు లిపిలో ఉన్నా, పక్కన తెలుగు అనువాదం ఉన్నా తీసుకుంటాం, చదివి చెప్పగల మనిషిని మేమే వెతుక్కుంటాం.

ఎంట్రీల దగ్గర మన అలవాటు ఒకటి మార్చాలి. తెలుగులో ఏ అవార్డు ప్రకటన చూసినా "నాలుగు ప్రతులు పంపగలరు" అని ఉంటుంది. 500 కాపీలు సొంత డబ్బుతో వేసుకున్న మనిషి నాలుగు పుస్తకాలు, కొరియర్ చార్జీ కలిపి వెయ్యి దాకా వదులుకోవాలి, పది చోట్లకి పంపితే పదివేలు! మేం ఒక్క కాపీ అడుగుతాం, అది ముగ్గురు జడ్జిల మధ్య తిరుగుతుంది, చివరి ఐదు పుస్తకాలకి మాత్రం మిగతా కాపీలు మేమే కొంటాం. ఎంట్రీ ఫీజు అస్సలు వద్దు. పుస్తకం రాని కొత్తవాళ్ల కథలు కూడా తీసుకునేట్టయితే యూనికోడ్‌లో గానీ పీడీఎఫ్‌గా గానీ పంపమని పెద్దక్షరాల్లో రాయండి, లేకపోతే యూనికోడ్ కాని అనూ ఫాంట్స్‌లో టైప్ చేసిన ఫైలొచ్చి మన కంప్యూటర్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది, మళ్లీ ఫోన్లు, మళ్లీ పంపడాలు.

ఇక జడ్జిలు. అసలు కష్టమంతా ఇక్కడే, ఎందుకంటే జిల్లాలో రాసేవాళ్లందరూ ఒకరికొకరు తెలుసు. మా రూల్ ఏంటంటే, పోటీలో ఉన్న ఏ పుస్తకానికైనా ముందుమాట రాసినవాళ్లు, ఆవిష్కరణ సభలో మాట్లాడినవాళ్లు, అంకితం తీసుకున్నవాళ్లు జడ్జిగా ఉండకూడదు. ఈ ఒక్క రూలుతో సగం పెద్దమనుషులు లిస్టులోంచి పోతారు, పోనివ్వండి. ముగ్గురిలో ఒకరు బయట జిల్లా రచయిత, ఒకరు లైబ్రేరియన్ గానీ టీచర్ గానీ, మూడోవారు షాపుకి ఏళ్లుగా వస్తున్న మామూలు పాఠకుడు. పోయినేడు మాకు ఆ మూడో కుర్చీలో రైల్వేలో పనిచేసి రిటైరైన మావయ్య ఒకాయన కూర్చున్నారు, ప్రతి పుస్తకానికీ నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకొచ్చారు, మిగతా ఇద్దరూ ఆయన్ని చూసి మళ్లీ చదివారు. తుది నిర్ణయానికి కారణం నాలుగు వాక్యాల్లో రాయించి షాపులో అంటించండి, ప్రైజ్ రానివాళ్లకి కూడా ఫోన్ చేసి చెప్పండి.

ఆర్టిస్టుల విషయం ఎవరూ పట్టించుకోరు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. ఒకప్పుడు కవర్ మీద గీత చూసి బాపు అని గుర్తుపట్టి పుస్తకం కొన్నవాళ్లున్నారు. ఇప్పుడు కవర్ వేసిన కుర్రాడి పేరు లోపలి పేజీలో కూడా ఉండట్లేదు. కాబట్టి మొదటి షరతు, ఆర్టిస్టు పేరు అచ్చులో ఉన్న పుస్తకాలే కవర్ ప్రైజ్‌కి తీసుకుంటాం, ఈ షరతు పెట్టాక పేర్లు వేయడం మొదలుపెట్టిన పబ్లిషర్లు మాకు కనిపిస్తున్నారు. రెండోది, గెలిచిన బొమ్మని షాపు బ్యాగ్ మీదో పోస్టర్ మీదో వేసుకోవాలంటే ప్రైజ్ ఇచ్చాం కదా అని వాడేయకూడదు. ముందు ఆ బొమ్మ హక్కు ఆర్టిస్టు దగ్గరుందా పబ్లిషర్ దగ్గరుందా కనుక్కుని, వాళ్లతో కాగితం మీద రాసుకోవాలి, ఆర్టిస్టుకి వేరే డబ్బివ్వాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు అని లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. మేం ఒక ఏడాది, మా షాపు వరకే అని రాసుకుంటాం. షీల్డు బదులు ఏటికొప్పాక లక్కబొమ్మ నేరుగా కళాకారుడి దగ్గరే కొని ఇస్తాం.

తేదీలు మావి ఇలా: ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం రోజు ప్రకటన, ఏప్రిల్ 30 గడువు, ఆగస్టు 29 గిడుగు జయంతికి ఫలితం, సెప్టెంబర్ 21 గురజాడ జయంతికి సభ. గంటన్నరలో అయిపోవాలి, గెలిచినవాళ్లు చదవాలి, ఆర్టిస్టు ఆ కవర్ ఎలా వేశాడో చూపించాలి, అతిథి ప్రసంగం పది నిమిషాలు దాటకూడదు. డబ్బు సభకి ముందే అకౌంట్‌లో వేసేయండి, పన్ను లెక్క ఎలా చూపించాలో ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

సభ తర్వాతే షాపు పని మొదలవుతుంది. గెలిచిన పుస్తకం, చివరిదాకా వచ్చిన మిగతా నాలుగూ ఏడాదంతా గుమ్మం ఎదురుగా ఉన్న షెల్ఫ్‌లో, వెన్ను కాదు, కవర్ కనిపించేలా పెట్టండి. దసరా తర్వాత మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి బయట ఊళ్లలో ఉన్నవాళ్లంతా ఇంటికొస్తారు, ఆ వారం రచయితని సాయంత్రం రెండు గంటలు షాపులో కూర్చోబెడతాం, సంతకం పెట్టిన కాపీ పట్టుకెళ్ళడం జనానికి ఇష్టం. 50 కాపీలు అయిపోతే మళ్లీ 25 తెప్పించండి, అదీ నగదుకే. మార్చి 31 కి ఎన్ని అమ్ముడయ్యాయో, డబ్బాలో ఎంత ఉందో ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టె వెనక గోడకి అంటించండి, మా రచయితలు వచ్చి ముందు అదే చదువుతారు.