కండిషనర్ టెంపరేచర్ ఊగుతుంటే పీఐడీని తిట్టకండి, ముందు వాల్వ్ చూడండి

లక్షణం అందరికీ తెలిసిందే. రొయ్యల మేత ప్లాంట్‌లో, మ్యాష్‌ని (మేత పిండిని) ఆవిరితో ఉడికించే కండిషనర్ టెంపరేచర్ సెట్ పాయింట్, అంటే నిలవాల్సిన వేడి, 92 డిగ్రీలు. స్క్రీన్ మీద మాత్రం 88కి పడుతుంది, 96కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. నాలుగైదు నిమిషాలకో చుట్టు. పడినప్పుడు మ్యాష్ సరిగా ఉడకదు, గుళిక నీళ్లలో నిలవదు. లేచినప్పుడు ఆవిరి ఎక్కువై మ్యాష్ ముద్దగా మారి, గుళికలు తీసే డై చోక్ అవుతుంది. అల్లూరు వైపు చెరువు రైతు డీలర్‌కి ఫోన్ చేసి "చెక్ ట్రేలో వేసిన అరగంటకే మేత చిట్లిపోతోంది" అంటాడు. ఆ ఫోన్ తిరిగి తిరిగి ప్రొడక్షన్ మేనేజర్‌కి వస్తుంది, అక్కడి నుంచి నాకు. "అన్నా, లూప్ హంటింగ్ అవుతోంది. పీఐడీ వాల్యూస్ ఏం పెట్టమంటావు?" హంటింగ్ అంటే ఈ ఊగడమే. పీఐడీ అంటే టెంపరేచర్ తేడా చూసి ఆవిరి వాల్వ్ ఎంత తెరవాలో లెక్కకట్టే కంట్రోలర్. సెన్సర్, కంట్రోలర్, వాల్వ్ కలిస్తే లూప్.

నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు నుంచి కావలి దాకా ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా ఇదే మాట. ఫోన్‌లో నేను వాల్యూస్ చెప్పను. ముందు ఒకటే అడుగుతాను: లూప్‌ని మాన్యువల్‌లో పెట్టి చూశారా? పదిమందిలో తొమ్మిదిమంది "లేదన్నా" అంటారు. రెండు నిమిషాల పని. దాన్ని వదిలేసి రెండు షిఫ్టులు గెయిన్ (తేడాకి పీఐడీ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే నెంబర్) మార్చుకుంటూ కూర్చుంటారు.

ఆటో, మాన్యువల్ అంటే ఏమిటో, 4-20 మిల్లీయాంప్ లూప్‌లో మీటర్ ఎలా పెట్టాలో తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను. ఆ సంగతులు ఇక్కడ చెప్పను.

మాన్యువల్‌లో పెట్టాక

అవుట్‌పుట్ (వాల్వ్‌కి వెళ్లే ఆదేశం, శాతంలో) సగటున ఎక్కడ ఆడుతోందో ట్రెండ్‌లో (స్క్రీన్ మీది గ్రాఫ్‌లో) చూసి, ఆ నెంబర్ దగ్గర మాన్యువల్‌లో ఆపండి. ఊగడం 38 నుంచి 46 మధ్య ఉంటే 42 దగ్గర. మ్యాష్ ఫీడర్ స్పీడ్ మార్చొద్దని ఆపరేటర్‌కి చెప్పండి. మూడు నాలుగు చుట్లకు పట్టేంత సేపు, అంటే ఇరవై నిమిషాలు, చేతులు కట్టుకుని ట్రెండ్ చూడండి.

వాల్వ్ కదలకపోయినా టెంపరేచర్ అలాగే ఊగుతోందా? అయితే ఆ ఊపు బయటి నుంచి వస్తోంది, మీ లూప్ తప్పు లేదు. స్టీమ్ హెడర్ (ఆవిరి ప్రధాన పైపు) ప్రెజర్ చూడండి. ఊక బాయిలర్ అయితే మంట హెచ్చుతగ్గుల వల్ల హెడర్ కూడా ఊగుతుంది. ప్రెజర్ రెడ్యూసింగ్ వాల్వ్ తనే హంటింగ్ అవుతుండవచ్చు. నీళ్లు బయటికి వదిలే ట్రాప్ పనిచేయక లైన్‌లో కండెన్సేట్ (చల్లారిన ఆవిరి నీళ్లు) నిలిచి, ఆవిరితో పాటు నీళ్లు వస్తుండవచ్చు. మ్యాష్ బిన్‌లో గూడు కట్టి, ఫీడ్ కాసేపు తగ్గి కాసేపు ఒక్కసారిగా పడుతుండవచ్చు. ఇవన్నీ కంటికి కనిపించేవే, వెతికితే గంటలో దొరుకుతాయి.

మాన్యువల్‌లో పెట్టగానే టెంపరేచర్ నిలబడిపోయిందా? అప్పుడు తప్పు లూప్‌లోనే ఉంది. అంటే తప్పు ట్యూనింగ్‌దైనా అయ్యుండాలి, వాల్వ్‌దైనా అయ్యుండాలి. అందరూ ట్యూనింగ్ వైపు పరిగెత్తుతారు, ఎందుకంటే దాన్ని ఏసీ రూమ్‌లో కూర్చుని మార్చవచ్చు. వాల్వ్ చూడాలంటే నిచ్చెన ఎక్కాలి.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. ఇవే పీ, ఐ వాల్యూస్‌తో ఆరు నెలలు బాగా నడిచి ఇప్పుడు ఊగుతోందా? నెంబర్లకు తుప్పు పట్టదు. పడితే వాల్వ్‌కే పడుతుంది.

నన్ను మూడు రాత్రులు ఏడిపించిన వాల్వ్

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. కొన్నేళ్ల క్రితం ముత్తుకూరు దగ్గర ఒక మేత ప్లాంట్‌కి వెళ్లాను. అచ్చం పైన చెప్పిన రోగమే. నేను మాన్యువల్ పరీక్ష చేశాను, టెంపరేచర్ నిలబడింది. వాల్వ్ మీద అనుమానం కూడా వచ్చింది. షట్‌డౌన్‌లో స్టీమ్ ఆపి స్ట్రోక్ చెక్ చేశాం, అంటే సిగ్నల్ ఇచ్చి వాల్వ్ ఎంత కదులుతుందో చూశాం. 4, 8, 12, 16, 20 మిల్లీయాంప్ ఇచ్చాం. స్టెమ్ (వాల్వ్‌ని తెరిచి మూసే కడ్డీ) 0, 25, 50, 75, 100 శాతం దగ్గర చక్కగా ఆగింది. వాల్వ్ బాగుందని రిపోర్ట్‌లో రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత మూడు రాత్రులు ట్యూనింగ్. గెయిన్ సగానికి తగ్గించాను. ఊపు ఆగలేదు, నెమ్మదించింది. నాలుగు నిమిషాల చుట్టు ఏడు నిమిషాలైంది, ఎత్తు మాత్రం తగ్గలేదు. ఇంటెగ్రల్ (మిగిలిన తేడాని కూడబెట్టి అవుట్‌పుట్ మార్చే భాగం) టైమ్ పెంచాను, చుట్టు పది నిమిషాలైంది. ఆటోట్యూన్ కొట్టాను. ఏవో వాల్యూస్ ఇచ్చింది, పెట్టాను, మళ్లీ అదే. జీగ్లర్, నికోల్స్ 1942లో చెప్పిన పద్ధతి పట్టుకుని గెయిన్ పెంచుతూ పోయి, ఊపు కాలం కొలిచి లెక్క కట్టాను. ఆ లెక్క కూడా తప్పింది. ఎందుకు తప్పిందో తర్వాత అర్థమైంది. నేను కొలిచిన కాలం కండిషనర్‌ది కాదు, పట్టేసిన వాల్వ్‌ది.

నాలుగో రోజు పొద్దున అక్కడి పాత ఫిట్టర్ ఒకాయన ప్లాట్‌ఫామ్ మీద నుంచి పిలిచాడు. "ఏంది అబయా, మూడు రోజులుగా ఆ స్క్రీన్‌తో కొట్లాడతా ఉండావు. ఒకసారి ఇట్టా వచ్చి దీన్ని చూడు." వెళ్లాను. స్టెమ్ మీద మార్కర్‌తో సన్నగా ఒక గీత గీసి పెట్టాడు. కింద నుంచి కుర్రాడు వాకీటాకీలో అవుట్‌పుట్ చదువుతున్నాడు. నలభై ఒకటి. గీత కదల్లేదు. నలభై రెండు. కదల్లేదు. నలభై మూడు. వాల్వ్‌ని నడిపే డయాఫ్రమ్‌లోకి గాలి ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది, స్టెమ్ మాత్రం అతికించినట్టు ఉంది. నలభై నాలుగు దాటగానే టక్‌మని ఒక్క దూకు. మూడు మిల్లీమీటర్లు ఒకేసారి. పైపులో ఆవిరి శబ్దం మారిపోయింది. తర్వాత అవుట్‌పుట్ దిగడం మొదలైంది. నలభై రెండు, నలభై, ముప్ఫై తొమ్మిది. గీత అక్కడే. ముప్ఫై ఎనిమిది దగ్గర మళ్లీ టక్.

నెల క్రితం గ్లాండ్ (స్టెమ్ చుట్టూ లీక్ ఆపే ప్యాకింగ్‌ని నొక్కి ఉంచే భాగం) దగ్గర కొంచెం స్టీమ్ లీకైతే నైట్ షిఫ్ట్‌లో ఎవరో నట్లు బిగించారట. లీక్ ఆగింది. స్టెమ్‌ని కూడా పట్టేసింది. లాగ్ బుక్‌లో ఒక్క ముక్క రాయలేదు.

మరి షట్‌డౌన్‌లో స్ట్రోక్ చెక్ ఎలా పాసైంది? రెండు కారణాలు. ఒకటి, ఆ పరీక్షలో ఒక్కో అంగ 25 శాతం. అంత పెద్ద మార్పు వచ్చేసరికి డయాఫ్రమ్ మీద బలం పట్టును తెంచేస్తుంది, వాల్వ్ కదులుతుంది. పీఐడీ అడిగేది అర శాతం, ఒక శాతం. ఆ చిన్న మార్పుకే అది కదలదు. ఆటోట్యూన్ మోసపోయేదీ ఇందుకే, అది కూడా పెద్ద అంగలే వేస్తుంది. రెండోది, చల్లగా ఉన్న వాల్వ్ వేరు, ఆవిరి పారుతున్న వాల్వ్ వేరు. ఆ వాల్వ్‌లో ఉన్నది గ్రాఫైట్ ప్యాకింగ్. అసలే దానికి రాపిడి ఎక్కువ, బిగించి వేడెక్కిస్తే ఇక చెప్పక్కర్లేదు.

లోపల జరిగేది ఇదే. టెంపరేచర్ సెట్ పాయింట్ కంటే అర డిగ్రీ తక్కువుంటే ఇంటెగ్రల్ అవుట్‌పుట్‌ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతుంది. వాల్వ్ కదలదు, తేడా పోదు, ఇంటెగ్రల్ ఇంకా కూడబెడుతుంది. చివరికి వాల్వ్ ఊడినప్పుడు కావాల్సిన చోట ఆగదు, దాటిపోతుంది. టెంపరేచర్ పైకి లేస్తుంది. ఇప్పుడు ఇంటెగ్రల్ అటు నుంచి తగ్గించుకుంటూ వస్తుంది, వాల్వ్ మళ్లీ పట్టుకుని కూర్చుంటుంది. గెయిన్ తగ్గిస్తే ఈ పోగుపడే వేగం తగ్గుతుంది, దూకు సైజు తగ్గదు. అందుకే చుట్టు సాగుతుంది, ఎత్తు అలాగే ఉంటుంది. గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. ట్యూనింగ్ తప్పయితే గెయిన్ తగ్గించగానే ఊపు చచ్చిపోవాలి. చావకుండా నెమ్మదిస్తే నిచ్చెన తెచ్చుకోండి.

ట్రెండ్‌లో కూడా ఇది కనిపిస్తుంది. అవుట్‌పుట్ గీత గుండ్రంగా అలలా కాకుండా రంపం పళ్లలా తిన్నని వాలులతో ఉంటుంది. పొజిషనర్ (స్టెమ్‌ని అడిగిన చోటికి చేర్చే పరికరం) ఫీడ్‌బ్యాక్ పీఎల్‌సీకి (కంట్రోల్ కంప్యూటర్‌కి) వస్తుంటే మీ పని ఇంకా తేలిక. అవుట్‌పుట్ వాలుగా పోతుంటే పొజిషన్ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

పరీక్ష ఇలా చేయండి

ప్లాంట్ నడుస్తుండగా, వేడి మీదే. లూప్ మాన్యువల్‌లో. అవుట్‌పుట్ అర శాతం చొప్పున పెంచండి, ఒక్కో అంగకి ఇరవై ముప్ఫై సెకన్లు ఆగండి. ఒకరు స్క్రీన్ దగ్గర, ఒకరు వాల్వ్ దగ్గర ఉండాలి. స్టెమ్ మీద గీత గీసి చూడండి, వేళ్లు మాత్రం యోక్ (స్టెమ్ చుట్టూ ఉండే చట్రం) మధ్యలో పెట్టొద్దు. దూకినప్పుడు నలిగిపోతాయి. ఐదారు అంగలు పైకి, ఐదారు కిందికి. పొజిషనర్ ఉన్న ఆరోగ్యమైన వాల్వ్ ఒక శాతం లోపే స్పందించాలి. మూడు నాలుగు శాతం దాకా కదలక ఆ తర్వాత దూకితే రోగం దొరికినట్టే.

దూకకుండా, దిశ మార్చినప్పుడు మాత్రం ఆలస్యంగా కదిలితే అది పట్టేయడం కాదు, లూజు. పొజిషనర్ లింకేజ్ పిన్ అరిగిందేమో చూడండి.

బాగుచేయడం

ప్రెజర్ ఉన్న వాల్వ్ గ్లాండ్ నట్లు వదులు చేయొద్దు. ఇది చెప్పక్కర్లేదనుకుంటాను గానీ, చేసినవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను. స్టీమ్ ఐసొలేట్ చేసి, లైన్ ఖాళీ చేసి, చల్లారాకే ముట్టుకోండి.

గ్లాండ్ విప్పి స్టెమ్ చూడండి. గీతలు, తుప్పు మచ్చలు ఉంటే ప్యాకింగ్ ఒక్కటి మారిస్తే నెలకే మళ్లీ మొదలవుతుంది, స్టెమ్ కూడా మార్చాలి. మన తీరంలో ఉప్పుగాలికి స్టెమ్ పైభాగం త్వరగా పాడవుతుంది. కండిషనర్‌కి వచ్చే తక్కువ ప్రెజర్ ఆవిరికి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ప్యాకింగ్ సరిపోతుంది, దానికి రాపిడి చాలా తక్కువ. 200 డిగ్రీలు దాటే లైన్లకే గ్రాఫైట్ ఉంచుకోండి. కొత్త ప్యాకింగ్ వేశాక నట్లను రెండు వైపులా సమానంగా, లీక్ ఆగేంత వరకే బిగించండి. ఒకవైపు ఎక్కువైతే ఫాలోవర్ (ప్యాకింగ్‌ని నొక్కే ముక్క) వాలి స్టెమ్‌ని ఒరుసుకుంటుంది.

గాలి కూడా చూడండి. అక్టోబరు, నవంబరు వానల్లో ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ లైన్‌లో నీళ్లు చేరడం మామూలే. ఫిల్టర్ రెగ్యులేటర్ గిన్నె కింద డ్రెయిన్ తిప్పండి, గుక్కెడు నీళ్లు వస్తే పొజిషనర్ లోపల కూడా ఉన్నట్టే. నాజిల్ మూసుకుపోతే అచ్చం గ్లాండ్ పట్టేసినట్టే ప్రవర్తిస్తుంది. గ్లాండ్ జోలికి వెళ్లకముందే ఇది చూసుకుంటే ఒక షట్‌డౌన్ మిగులుతుంది.

షట్‌డౌన్ దొరికేదాకా నెట్టుకురావాలంటే పీఐడీలో సెట్ పాయింట్‌కి అటూ ఇటూ ఒక డిగ్రీ డెడ్‌బ్యాండ్ పెట్టండి. ఆ పరిధిలో ఇంటెగ్రల్ కూడబెట్టదు, ఊపు చాలావరకు సద్దుమణుగుతుంది. పెట్టిన సంగతి ప్యానెల్ తలుపు లోపల రాయండి. లేకపోతే వాల్వ్ బాగయ్యాక కూడా అది అలాగే ఉండిపోయి, ఆరు నెలల తర్వాత టెంపరేచర్ ఎందుకు డిగ్రీ తక్కువగా నిలుస్తోందో ఎవరికీ అంతుబట్టదు.

వాల్వ్ బాగుండి ఇంకా ఊగితే

సెన్సర్ బయటికి తీయండి. కండిషనర్‌లో పీటీ100 (వేడిని కొలిచే ఆ సెన్సర్) చుట్టూ మ్యాష్ గట్టిగా పేరుకుంటుంది. మందపాటి పెచ్చు కట్టిందంటే లోపలి వేడి దానికి ఆలస్యంగా తెలుస్తుంది, లూప్ ఎప్పుడూ వెనకబడి పరిగెత్తుతుంది. గీకి శుభ్రం చేయండి. చేతిలో థర్మామీటర్ ఉంటే వేడినీళ్లలో రెండూ పెట్టి పోల్చండి. 100 డిగ్రీల దగ్గర పీటీ100 రెసిస్టెన్స్ 138.5 ఓమ్‌లు ఉండాలి. ఇవి రెండూ సరిగ్గా ఉంటే అప్పుడు కూర్చుని ట్యూన్ చేయండి, ఎవరూ వద్దనరు.

ప్యాకింగ్ హాల్‌లో బస్తాలు పేర్చే రోబో ఉన్న ప్లాంట్ వాళ్లకి ఒక మాట. చేయి గమ్యానికి చేరాక సన్నగా వణుకుతుంటే సర్వో గెయిన్ మార్చడానికి తొందరపడకండి. రాపిడి ఎక్కువైన జాయింట్ మీద ఇంటెగ్రల్ పనిచేస్తే అక్కడా ఇదే కథ. గ్రీజు, గేర్‌బాక్స్, బెల్ట్ చూశాకే డ్రైవ్ పారామీటర్లు తెరవండి.

ఇక మిగిలినవి. పీఎల్‌సీ స్కాన్ టైమ్, అనలాగ్ కార్డు, వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్) నాయిస్. ఇన్నేళ్లలో ఒక్కోటి ఒకటి రెండుసార్లకు మించి చూడలేదు. నాయిస్ అయితే ఊపు నిమిషాల్లో కాదు, సెకన్లలో గజిబిజిగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. యాక్షన్ తిరగబడితే, అంటే తెరవాల్సినప్పుడు మూస్తుంటే, అసలు ఊగదు, వాల్వ్ పూర్తిగా తెరుచుకునో మూసుకునో కూర్చుంటుంది.

కొత్త ప్యాకింగ్ వేశాక వారం నడిపి, వేడి మీద ఆ అర శాతం పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి. ప్యాకింగ్ సర్దుకున్నాక కొంచెం లీక్ కనిపించి, నైట్ షిఫ్ట్ వాళ్లు మళ్లీ స్పానర్ పట్టుకునేది ఆ వారంలోనే.