ఇంటి రెండర్ నేర్చుకుందాం – 4వ పాఠం: బెజవాడ ఎండ

కంప్యూటర్‌లో గీసిన ఇంటి మోడల్‌ను ఫొటోలాంటి బొమ్మగా మార్చడమే రెండర్. పోయిన పాఠంలో మోడల్‌ను చూసే కెమెరాను కంటి ఎత్తున, నిలువు గోడలు వాలిపోకుండా పెట్టుకున్నాం కదా, ఆ ఫైలే తెరవండి, విజయవాడ పటమటలో పడమర ముఖంగా ఉన్న రెండంతస్తుల ఇల్లు. టైల్స్, చెక్క, గాజు అన్నీ తీసేసి మోడల్ మొత్తానికి ఒకటే బూడిద రంగు వేయండి. బోసిగా ఉంటుంది, ఉండనివ్వండి. ఇవాళ మనకు ఎండ ఒక్కటే కావాలి.

మనం మోడల్ గీసే సాఫ్ట్‌వేర్ స్కెచప్. అందులో కొత్త ఫైలులో లొకేషన్ పెట్టకుండా నీడలు ఆన్ చేస్తే మామూలుగా కనిపించేది అమెరికాలోని బౌల్డర్ ఎండ. ఆ ఊరు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, విజయవాడ 16.5 మీద. మార్చి 21 మిట్టమధ్యాహ్నం 10 అడుగుల గోడ నీడ అక్కడ 8 అడుగులు దాటుతుంది, ఇక్కడ 3 అడుగులే. జూన్‌లో అయితే మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, ఉత్తరపు గోడకూ ఎండ తగులుతుంది.

అందుకే ముందు లొకేషన్ విజయవాడకు మార్చండి, టైమ్ జోన్ 5:30 ఉందో లేదో చూడండి. తర్వాత ఉత్తరం. స్కెచప్‌లో అది ఆకుపచ్చ గీత వైపు, కానీ క్యాడ్ ప్లాన్‌ను (కంప్యూటర్‌లో గీసిన ఇంటి ప్లాన్‌ను) షీట్‌లో తిన్నగా కనపడాలని చాలామంది తిప్పేసి ఉంటారు కాబట్టి సైట్ ప్లాన్‌లోని ఉత్తరపు గుర్తుతో సరిపోల్చుకోండి.

ఇప్పుడు మే 15, సాయంత్రం 4 గంటలు పెట్టండి. సూర్యుడు పడమటి దిక్కున సుమారు 34 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. బెడ్‌రూమ్ కిటికీ మీద మీరు గీసిన 2 అడుగుల సన్‌షేడ్ ఉంది చూశారా, దాని నీడ అడుగున్నర కూడా కిందికి దిగదు, 4 అడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే. ఇక్కడే వ్యూ బాగా రావాలని సూర్యుణ్ణి పక్కకు జరిపేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, ఆ గదిలో రేపు మే నెలలో పడుకునే మనుషులున్నారు. ఫొటో ఇస్తే క్షణాల్లో బంగారు రంగు ఎండ వేసిచ్చే ఏఐ టూల్స్‌కి మీ ఇంటికి ఉత్తరం ఎటో మీరు చెబితే తప్ప తెలియదు, వాటి జోలికి ఇప్పుడే వద్దు.

మార్చాల్సింది ఇల్లు. పడమటి వైపు వరండా లోతు పెంచి చూడండి, లేదా కిటికీ ముందు జాలీ (చిల్లుల తెర) పెట్టండి, నిలువు పలకలైతే కాస్త వాయువ్యానికి తిప్పితే ఎంత ఎండ వస్తోందో, కాస్త నైరుతికి తిప్పితే ఎంత వస్తోందో రెండూ రెండర్ చేయండి. కెమెరా కదపకుండా ఉదయం 10, మధ్యాహ్నం 1, సాయంత్రం 4, మూడు బొమ్మలూ ఒకే షీట్ మీద పక్కపక్కన పెట్టుకోండి. ఫైలును వేరే పేరుతో సేవ్ చేయండి, అయిదో పాఠంలో ఈ బూడిద గోడకే సున్నం వేద్దాం.