పరాయి గడ్డపై చట్టసభ విచారణ: ముందు ఒప్పుకోలు సంపాదించండి

చట్టసభ కమిటీ సమన్లు సరిహద్దు దాటితే ఎవరినీ కట్టిపడేయలేవు. కాబట్టి కమిటీ విదేశానికి వెళ్లి సాక్షులను విచారించాలంటే, విమానం టికెట్ల కంటే ముందు ఆ ఆతిథ్య దేశం ఒప్పుకోలు కావాలి. అభ్యర్థన మీ రాయబార కార్యాలయం ద్వారా, దౌత్య లేఖగా అక్కడి విదేశాంగ శాఖకు వెళ్లాలి. దౌత్య సంబంధాలపై 1961 వియన్నా ఒప్పందం 41వ అధికరణం చూపే దారి ఇదే. ముందు సాక్షులతో మాట్లాడేసి తర్వాత చెబుదామనుకోవద్దు. స్విట్జర్లాండ్‌లోనైతే, అనుమతి లేకుండా పరాయి ప్రభుత్వం తరఫున అధికారిక పనులు చేయడాన్ని నేరంగా చూసే శిక్షాస్మృతి 271వ అధికరణం కింద కేసు పడే ప్రమాదముంది.

లేఖలో సాక్షుల పేర్లు, ప్రశ్నల పరిధి, చోటు, తేదీలు, రికార్డింగ్ ఎవరి దగ్గర ఉంటుందో రాయండి. చర్చలు బిగుసుకునేది సాక్షి చేత ప్రమాణం చేయించే దగ్గర. విదేశీ అధికారి తమ నేలపై ప్రమాణం చేయించడం సార్వభౌమాధికారంలో వేలు పెట్టడమేనని కొన్ని దేశాలు భావిస్తాయి. అక్కడ పట్టుబట్టకండి, ప్రమాణం వదిలేసి "స్వచ్ఛంద వాంగ్మూలం" అని రాయించుకోండి. విదేశాల్లో సాక్ష్యం సేకరించడంపై ఉన్న 1970 హేగ్ సాక్ష్య ఒప్పందాన్ని మాత్రం ఉదహరించొద్దు, అది సివిల్, వాణిజ్య వ్యవహారాలకే.