పోలీసుల కతోలిక సంఘం పెట్టాలంటే: పేరు నుంచి పలహారం దాకా

అమెరికా పోలీసు డిపార్ట్‌మెంట్లలో సంఘాలకు కొదవేమీ లేదు. ఒక్క న్యూయార్క్ పోలీసుల్లోనే చూడండి, యూదులకు 1924 నుంచి షోమ్రిమ్ సొసైటీ ఉంది, నల్లజాతి ఆఫీసర్లకు గార్డియన్స్, ఐరిష్ వాళ్లకు ఎమరాల్డ్, మన దక్షిణాసియా వాళ్లకు దేశీ సొసైటీ, కతోలికులకు హోలీ నేమ్ సొసైటీ. మీ ఊరి డిపార్ట్‌మెంట్ చిన్నదై, కతోలికులు పాతికమందే ఉన్నా ఇలాంటిది పెట్టుకోవచ్చు. కాకపోతే చాలామంది మొదట జెండా, బ్యాడ్జి, టీషర్టు డిజైన్ల దగ్గర మొదలుపెడతారు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు డ్యూటీ రోస్టర్ తీసి ముందు పెట్టుకోండి.

ఎందుకంటే ఇలాంటి సంఘం పడిపోయేది భక్తి తక్కువై కాదు, షిఫ్టులు కలవక. మొదలుపెట్టే ఐదారుగురూ పగటి డ్యూటీ వాళ్లే అయితే రాత్రి డ్యూటీ వాళ్లు ఆరు నెలల్లో జారిపోతారు, మీకు తెలియను కూడా తెలియదు. అందుకే ప్రతి షిఫ్టు నుంచి ఒకరు, రిటైరైన వాళ్లలో ఇద్దరు ఉండేలా చూసుకోండి. రిటైరైన వాళ్లను తీసిపారేయొద్దు, వాళ్లకు టైముంది, ఫోన్ చేస్తే ఎత్తుతారు, పాత కుటుంబాలన్నీ వాళ్లకు తెలుసు.

తర్వాత పేరు. ఇక్కడ ఒక మెలిక ఉంది. శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 300వ నిబంధన ప్రకారం అధికారం ఉన్నవారి అనుమతి లేకుండా ఏ సంఘమూ పేరులో 'కతోలిక' అని పెట్టుకోకూడదు. మీ విషయంలో ఆ అధికారి అంటే మీ మేత్రాసన పీఠాధిపతి (బిషప్) అనుకోండి. బ్యానర్ ప్రింట్ చేయించాక ఈ సంగతి తెలిస్తే డబ్బులు దండగ. మీది సభ్యులు కలిసి పెట్టుకునే ప్రైవేటు సంఘమైనా, శ్రీసభ గుర్తింపు కావాలంటే నియమావళిని పీఠాధిపతి కార్యాలయం చూడాల్సిందే (299వ నిబంధన). రెండు మూడు పేజీలు చాలు: సంఘం ఎందుకు, ఎవరు చేరొచ్చు, ఎన్నికలు ఎలా, చందా ఎంత, సంఘం మూతపడితే మిగిలిన డబ్బు ఎవరికి. ఆ చివరిది ఎవరూ రాయరు, గొడవలు మాత్రం అక్కడే వస్తాయి.

ఆత్మీయ సలహాదారుగా మీకు నచ్చిన గురువును (ఫాదర్‌ను) మీరే ఎంచుకోవచ్చు, దానికి పీఠాధిపతి ఆమోదం కావాలి. మంచి ప్రసంగాలు చెప్పే ఫాదర్‌కంటే రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే ఫాదర్ మేలు. ఇంకో మాట, పాపసంకీర్తనంలో, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పింది గురువు దగ్గరే ఉండిపోతుంది, ఆయన నోరు విప్పడానికి వీల్లేదు. సంఘం వాట్సాప్ గ్రూపు సంగతి అలా కాదు. అక్కడ కేసుల గురించి, కాల్పుల గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దని మొదటిరోజే చెప్పేయండి.

డిపార్ట్‌మెంట్‌తో సంబంధం దగ్గర నిక్కచ్చిగా ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి పై అధికారి 'రండి, చేరండి' అని కింది వాళ్లను అడగడం బాగోదు, అడిగితే గొడవే. మీటింగులు డ్యూటీ టైములో వద్దు. యూనిఫాంలో పూజకు (చర్చిలో జరిగే మాస్‌కు) రావాలనుకుంటే ముందే కాగితం మీద అనుమతి తీసుకోండి. మిగతా సంఘాలకు ఇచ్చే సౌకర్యాలు మీకూ అడగండి, వాటికి మించి అడగొద్దు. డబ్బుకు సంఘం పేరు మీద విడిగా ఖాతా, చెక్కు మీద రెండు సంతకాలు. ఒక్కడి సొంత ఖాతాలో చందాలు వేయించుకోవడం ఎంత మంచివాడైనా వద్దు, ఆ మనిషికే చెడ్డపేరు.

ఇక అందరికీ ఇష్టమైన భాగం, సత్ప్రసాద పలహారం, అంటే పూజ అయ్యాక కలిసి తినే అల్పాహారం. దీని వెనక కథ సరదాగా ఉంటుంది. పూర్వం సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదు, కాబట్టి పూజ అయ్యేసరికి అందరికీ ఆకలి నకనకలాడేది, అలా ఈ అలవాటు వచ్చింది. 1964 నుంచి గంట ఉపవాసమే, కానీ పలహారం మాత్రం పోలేదు. రాత్రి డ్యూటీ వాళ్లు దిగే వేళకు పెట్టుకుంటే రెండు షిఫ్టుల వాళ్లూ కలుస్తారు. ఆదివారం పూజకు రావడం కుదరని వాళ్లకు శనివారం సాయంత్రం పూజ కూడా ఆదివారం పూజగానే లెక్కకు వస్తుందని గుర్తుచేయండి.

పలహారంలో మాట్లాడే వక్త విషయంలో జాగ్రత్త. న్యూయార్క్ హోలీ నేమ్ వాళ్ల పలహారానికి 1954లో కమ్యూనిస్టుల వేటతో పేరుమోసిన సెనేటర్ జోసెఫ్ మెకార్తీ వచ్చి మాట్లాడాడు, 1965 ఏప్రిల్‌లో సంప్రదాయవాద రచయిత విలియం బక్లీ సెల్మా సంఘటనల గురించి (అలబామాలోని ఆ ఊళ్లో నల్లజాతి వాళ్ల ఓటు హక్కు ఊరేగింపుపై పోలీసులు దాడి చేశారు) మాట్లాడితే పత్రికల్లో పెద్ద రచ్చయింది. అదే ఏడాది ఆయన న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ చేశాడు కూడా. నన్నడిగితే ఎన్నికల్లో నిలబడే మనిషి చేతికి మైకు ఇవ్వకపోవడమే మంచిది. పెన్షన్ గురించి, నిద్ర గురించి చెప్పే వాళ్లను పిలవండి, ముందు వరసే కాదు వెనక వరస కూడా వింటుంది.

ఏడాదికొక్కసారి బ్లూ మాస్, అంటే పోలీసుల కోసం చేసే ప్రత్యేక పూజ, చేయాలి. 1934 సెప్టెంబర్ 29న, అతిదూత మిఖాయేలు పండుగ రోజున, ఫాదర్ థామస్ డేడ్ వాషింగ్టన్‌లో దీన్ని మొదలుపెట్టారు. మిఖాయేలు పోలీసుల పాలక పునీతుడు (వాళ్లను కాపాడే సెయింట్), ఇటలీ పోలీసులకు ఆయన్ను పాలకుడిగా 12వ పయస్ పోపు 1949లో ప్రకటించారు. తేదీ సెప్టెంబర్ 29 దగ్గర పెట్టుకోవచ్చు, లేదా మే 15 దగ్గర, అది విధి నిర్వహణలో చనిపోయిన పోలీసుల స్మారక దినం.

ఆ పూజలో అందరి గొంతూ పట్టేసేది చనిపోయిన పోలీసుల పేర్లు చదివే ఘట్టం. ఒక్కో పేరు, ఒక్కో గంట. ఒకసారి చదివేవాడు ఒక ఇంటిపేరు తప్పు పలికాడు, రెండో వరసలో ఉన్న ఆ ఇంటావిడ తల పక్కకు తిప్పుకుంది, పేపర్లో ఉచ్చారణ రాసుకోని తప్పు నాదే. అప్పటి నుంచి పేర్లన్నీ ముందే ఫోన్ చేసి కుటుంబాల నోటితో విని, వినబడినట్టే రాసి ఇస్తున్నాను. గంట మోత పూర్తిగా ఆగేదాకా రెండో పేరు మొదలుపెట్టొద్దని చదివేవాడికి చెప్పండి, కంగారులో అందరూ తొందరపడతారు. డ్యూటీలో ఉండి వచ్చేవాళ్లకు తలుపు దగ్గరి బెంచీలు ఉంచండి, రేడియో పిలిస్తే చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతారు.

ఇంతా చేసి అసలు పని మిగిలే ఉంటుంది. ఎవరైనా ఆస్పత్రిలో పడ్డా, ఇంట్లో చావు జరిగినా ఎవరు వెళ్తారో వారానికో ఇద్దరి పేర్లు రోస్టర్ లాగే రాసి పెట్టండి. అంత్యక్రియల రోజు జనం చాలామందే వస్తారు. కష్టం నాలుగో నెలలో ఉంటుంది. పెన్షన్ కాగితాలు, నీళ్ల హీటర్ రిపేరు, పిల్లాడి ఆటకు వచ్చి కూచునే మనిషి లేకపోవడం. కాబట్టి అంత్యక్రియలు అయిన సాయంత్రమే క్యాలెండర్ తీసి నాలుగో నెలకు, పుట్టినరోజుకు, వర్ధంతికి, మూడు తేదీలకూ ఎవరు వెళ్తారో పేర్లు రాసేయండి.