ఏజెన్సీకి వెళ్లొచ్చాక జ్వరమా, డోలో వేసుకుని కూర్చోకండి

మా మద్దిలపాలెంలో ఓ కుర్రాడు వంజంగి కొండ మీద టెంట్లో పడుకుని మబ్బులు చూసొచ్చాడు. పది రోజులకి జ్వరం అందుకుంది, డోలో వేస్తే తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ డోలో, అలా నాలుగో రోజుకి వాళ్లమ్మని చూసి నువ్వెవరు అన్నాడంట. ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు. మెదడుకెక్కిన మలేరియా.

లంబసింగి, అరకు సీజన్ వచ్చేసింది కాబట్టి రాస్తున్నా. దోమతెర, ఓడోమాస్, ఫుల్ హ్యాండ్స్ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

ఎవరికి ఎక్కువ డేంజర్: ముందు సిటీలో పుట్టి పెరిగిన మనకే. ఏజెన్సీ వాళ్లకి చిన్నప్పట్నుంచీ మలేరియా వచ్చీ వచ్చీ ఒంట్లో కొంత నిరోధకశక్తి తయారవుతుంది, జ్వరం వచ్చినా ప్రాణం మీదకి రావడం తక్కువ, మనకి అది సున్నా. ఇంకో మాట, మాది పాడేరే మాకేం కాదు అంటూ ఏళ్ల తరబడి గాజువాకలో ఉంటున్నవాళ్లూ జాగ్రత్త, ఆ శక్తి నిలవుండేది కాదు, దోమ కాట్లు ఆగితే కొన్నేళ్లకి అదీ తగ్గిపోతుంది. గర్భిణులు అసలు వెళ్లొద్దు.

ఒంట్లో జరిగేది: క్రిమి దూరిన ఎర్రకణాల్ని ప్లీహం వడపోసి తీసేస్తుంది. మలేరియా క్రిముల్లో ప్రాణం మీదకి తెచ్చే రకం ఫాల్సిపారం, అదేం చేస్తుందంటే, ప్లీహం దాకా పోకుండా ఆ కణాల్ని రక్తనాళాల గోడలకి అంటించేస్తుంది, మెదడులో సన్నటి నాళాలు అలానే మూసుకుపోతాయి. యాంటీబాడీలు దాన్ని గుర్తుపట్టేలోపు చొక్కా మార్చిన దొంగలా పైన ఉండే ప్రొటీన్ మార్చేస్తుంది, దానికోసం 60 దాకా జీన్లు ఉన్నాయి దాని దగ్గర. 48 గంటలకోసారి కణాలు పగిలి కొత్త క్రిములు బయటికొస్తాయి. మీరు వేసే డోలో జ్వరాన్నే దించుతుంది, క్రిమి సంఖ్య పెరుగుతూనే ఉంటుంది.

అందుకే వచ్చాక మూడు నెలల్లోపు ఏ జ్వరం వచ్చినా అదే రోజు మలేరియా టెస్ట్. రేపు కాదు. డాక్టర్ అడగకపోయినా "ఏజెన్సీకి వెళ్లొచ్చా" అని మీరే చెప్పండి, చెప్పకపోతే వైరల్ అనుకుని పంపేసే ఛాన్స్ ఉంది. అక్కడే జ్వరమొస్తే ఆశా వర్కర్ దగ్గర కిట్ ఉంటుంది, ఇంటికెళ్లాక చూద్దాం అనుకోవద్దు.

టెస్ట్ నెగటివ్ వచ్చి జ్వరం అలానే ఉంటే మర్నాడు మళ్లీ చేయించండి, మొదటిసారి దొరక్కపోవచ్చు.

పొద్దున తగ్గింది కదా అని ఆగొద్దు, మలేరియా జ్వరం దానంతటదే వస్తూ పోతూ ఉంటుంది.

పాజిటివ్ వస్తే డాక్టర్ రాసిన కోర్సు మొత్తం మింగండి, రెండో రోజుకి బాగుందని ఆపొద్దు.

మిగిలిన టాబ్లెట్లు పక్కింటోళ్లకి ఇవ్వొద్దు.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవద్దు.

మాట తడబడినా, మత్తుగా పడున్నా, వాంతులతో మాత్ర నిలవకపోయినా 108కి ఫోన్, ఇంజెక్షన్ పడాల్సిన కేసది.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా అసలే వద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

మళ్లీ చెప్తున్నా, డోలో వేసి చూద్దాం అనొద్దు. టెస్ట్ అయ్యాకే డోలో.