పేరు, జెండర్ కాగితాల్లో మార్చుకోవాలంటే

నేను పేరు మార్చుకున్నాను, కాగితాల్లో జెండర్ కూడా మార్చుకున్నాను. రెండూ ఒక్క దరఖాస్తుతో అయిపోతాయనుకుని చాలా నెలలు పోగొట్టుకున్నాను. చాలా దేశాల్లో అవి వేర్వేరు పనులు. ముందు పేరు సంగతి తేల్చుకోండి. రోజుకు పదిసార్లు మనల్ని పిలిచేది పేరుతోనే. జెండర్ గడి ఎవరైనా కార్డు అడిగినప్పుడే బయటికొస్తుంది.

ఎంచుకున్న పేరుతో వెంటనే దరఖాస్తు పెట్టకండి. దగ్గరివాళ్లతో ఒక నెల అలాగే పిలిపించుకోండి. నేను మొదట అనుకున్న పేరును రెండో వారంలోనే వదిలేశాను, వెనకనుంచి పిలిస్తే నాకు తిరగబుద్ధి కాలేదు. మీ గురించి ఎలా మాట్లాడాలో కూడా వాళ్లకు చెప్పండి. మనకు 'తను' అనే మంచి మాట ఉన్నా, 'వచ్చాడు', 'వచ్చింది' దగ్గర చిక్కొస్తుంది. నేను 'వచ్చారు' అనమన్నాను. వారం తిరిగేసరికి ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

పేర్ల మీద షరతులుంటే ముందే తెలుసుకోండి. జర్మనీలో ఒక జంట కూతురికి కిరణ్ అని పెడితే, ఆడో మగో తెలియట్లేదని అధికారులు ఒప్పుకోలేదు. పేరులోనే అది తెలియాలన్న నియమం చట్టంలో లేదని 2008లో అక్కడి రాజ్యాంగ కోర్టు తేల్చింది. మనకు కిరణ్ అనే అమ్మాయిలూ తెలుసు, అబ్బాయిలూ తెలుసు. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఐస్‌లాండ్‌లోనైతే 2019 చట్టంతో ఆడపేర్లు, మగపేర్లన్న విభజనే పోయింది. అక్కడ ఇంటిపేరుకు బదులు తల్లి పేరుకో తండ్రి పేరుకో కొడుకు, కూతురు అనే అర్థమొచ్చే మాట చేరుస్తారు. రిజిస్టర్‌లో ఆడా మగా కాకుండా నమోదైనవాళ్లు 'బుర్' అని చేర్చుకోవచ్చు. బిడ్డ అని దాని అర్థం.

ఇక జెండర్ గడి. అడగాల్సిన మొదటి ప్రశ్న: నిర్ణయం ఎవరిది? అర్జెంటీనాలో 2012 నుంచి డాక్టర్, జడ్జి అవసరం లేకుండా మన మాట చాలు. 2014లో డెన్మార్క్, 2015లో మాల్టా, ఐర్లాండ్ కూడా అదే దారి పట్టాయి. గడువులు కూడా అడగండి. జర్మనీలో 2024 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం మూడు నెలల ముందే నోటీసు ఇవ్వాలి, మార్చుకున్నాక ఏడాది దాకా మళ్లీ మార్చుకోవడం కుదరదు. పాత సమాచారాన్ని మాత్రం నమ్మొద్దు. హంగరీ 2020లో ఈ దారినే మూసేసింది. అమెరికా పాస్‌పోర్ట్‌లో ఆడా మగా అని కాకుండా 2022లో ఇచ్చిన 'ఎక్స్' గుర్తును 2025లో ఆపేశారు.

'ఎక్స్' తీసుకునేముందు మీరు వెళ్లాల్సిన దేశాల రూల్స్ చూసుకోండి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పాస్‌పోర్ట్‌లో అది చెల్లుతుంది. ఫొటో పేజీ అడుగున మెషీన్ చదివే వరుసల్లో దాని స్థానంలో బాణం మొన లాంటి గుర్తు పడుతుంది. అంతమాత్రాన ప్రతి దేశమూ వీసా ఫారంలో ఆ గడి పెట్టదు.

కాగితాలను వేరు నుంచి పైకి మార్చుకుంటూ రండి: వీలున్న చోట ముందు బర్త్ సర్టిఫికెట్, తర్వాత గుర్తింపు కార్డు, పాస్‌పోర్ట్, ఆపైన బ్యాంకు, చదువు సర్టిఫికెట్లు. పాత పేరునూ కొత్త పేరునూ కలిపే ఉత్తర్వుకు కనీసం ఐదు సర్టిఫైడ్ కాపీలు తీయించండి.

వాటిలో ఒకటి ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. ఒకసారి నా టికెట్ మీద పాత పేరుంది, పాస్‌పోర్ట్‌లో కొత్తది. కౌంటర్ దగ్గర వ్యక్తి రెండు పేర్లూ గట్టిగా చదివి "వీటిలో మీరెవరు?" అన్నారు. నా వెనక క్యూ అంతా వింటోంది. కాపీలన్నీ అప్పటికే బెల్టు మీద వెళ్లిపోయిన పెద్ద పెట్టెలో ఉన్నాయి. ఆ రోజు విమానం వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ కాపీ పాస్‌పోర్ట్ కవర్‌లోనే, మడత పెట్టి ఉంటుంది.