మత మూలాల వివరణలను తూచడం – పాఠం 3: మొలవడం వేరు, నిలవడం వేరు

పోయిన పాఠంలో ‘మతం ఎందుకు పుట్టింది?’ అనే ప్రశ్నను రెండుగా విడగొట్టాం. ఆ ఆలోచన మనసులో ఎలా మొలిచిందనేది ఒకటి. మొలిచింది తరతరాలు ఎలా నిలిచిందనేది ఇంకొకటి. ఒక వివరణ ఎదురైతే అది వీటిలో దేనికి జవాబు చెబుతోందో పట్టుకోవడం ఈరోజు సాధన. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు ‘మొలక’ అనీ కుడివైపు ‘నిలకడ’ అనీ రాసుకోండి.

డార్విన్ కుక్కతో మొదలుపెడదాం. 1871లో అచ్చయిన పుస్తకంలో ఆయన దాని గురించి రాశాడు. ఎండ కాస్తోంది, గాలి పెద్దగా లేదు, కుక్క పచ్చిక మీద పడుకుంది. కాస్త దూరంలో తెరిచి ఉన్న గొడుగు చిరుగాలికి అప్పుడప్పుడు కదులుతోంది. కదిలినప్పుడల్లా కుక్క గుర్రుమంటూ మొరిగింది. గొడుగు పక్కన మనిషి ఉండి ఉంటే అది అసలు పట్టించుకునేదే కాదంటాడు డార్విన్. కదిలించినవాళ్లు కనబడలేదు కాబట్టి, కనబడని ప్రాణి ఏదో అక్కడుందని దానికి తోచి ఉంటుందని ఆయన ఊహ. ప్రకృతిలో ఆత్మలున్నాయనే నమ్మకం కూడా ఇలాంటి చోటే మొదలై ఉంటుందని ఆయన అనుకున్నాడు.

మొన్న వేసవిలో నాకూ ఇలాంటిదే జరిగింది. రాత్రి కరెంటు పోయింది. పెరటి తలుపు తీశానో లేదో, దండెం పక్కన ఎవరో నిలబడి చెయ్యి ఊపినట్టు కనబడి గుండె ఝల్లుమంది. టార్చి వేస్తే మా నాన్నగారి తెల్లచొక్కా. తర్వాత ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. చొక్కాను చూసి మనిషనుకోవడం మనకు మామూలే, మనిషిని చూసి చొక్కా అనుకోవడం మాత్రం జరగదు. పొరపాటు ఎప్పుడూ ఒకవైపుకే ఎందుకు మొగ్గుతోంది?

తాడును పామనుకుంటే ఒక్క గెంతుతో సరిపోతుంది. పామును తాడనుకుంటే ప్రాణం పోతుంది. వేదాంతులు ఈ ఉపమానాన్ని అవిద్య, అంటే అజ్ఞానం, గురించి చెప్పడానికి వాడారు. మనకు ఇక్కడ కావలసింది ఏ పొరపాటుకు ఎంత నష్టమన్న లెక్క. లేనిది ఉందనుకున్న జీవులు బతికి పిల్లల్ని కన్నాయి. ఉన్నది లేదనుకున్నవి చాలాసార్లు మిగల్లేదు. మనిషి ఎక్కడ పడితే అక్కడ మనుషుల్ని చూడడానికి కారణం ఇదేనని మానవశాస్త్రవేత్త స్టీవార్ట్ గత్రీ వాదించాడు. మనస్తత్వవేత్త జస్టిన్ బ్యారెట్ ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు.

దీన్ని ఎడమవైపు రాయండి. ఇప్పుడు గట్టిగా నొక్కి చూడండి, ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. టార్చి వెలగగానే నా భయం పోయింది. మర్నాడు ఆ చొక్కా ముందు ఎవరం దీపం పెట్టలేదు. ఒక్క క్షణం ఉలికిపాటుకీ, వేయేళ్లు నిలిచిన కొలుపుకీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం గురించి ఈ వివరణ చెప్పేది తక్కువ. అంతమాత్రాన అది తప్పని కాదు, మొలక దగ్గర ఆగిపోయిందని అర్థం.

కుడివైపుకు వద్దాం. 19వ శతాబ్దపు అమెరికాలో ఉమ్మడిగా బతుకుదామని ఏర్పడిన 83 సమాజాల చరిత్రను పరిశోధకులు రిచర్డ్ సోసిస్, ఎరిక్ బ్రెస్లర్ పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. మద్యం, మాంసం, సొంత ఆస్తి లాంటివి వదులుకోమని ఏ సమాజం ఎంతగా అడిగిందో లెక్కగట్టారు. మత సమాజాల్లో ఎక్కువ అడిగినవి ఎక్కువ కాలం నిలిచాయి. మతంతో సంబంధం లేని సమాజాల్లో ఆ తేడా కనబడలేదు. వాదన ఇది: పేరుకు మాత్రమే చేరేవాడు అంత కష్టం పడడు. అందుకే కష్టపడ్డవాణ్ని మిగతావాళ్లు నమ్ముతారు, ఆ నమ్మకంతో గుంపు కలిసి ఉంటుంది. మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లను చూసిన మనకు ఇది తేలిగ్గానే ఎక్కుతుంది. తేలిగ్గా ఎక్కే వాదన దగ్గరే ఇంకో ప్రశ్న అడగాలి: కష్టం వల్ల గుంపు గట్టిపడిందా, లేక ముందే గట్టిగా ఉన్న గుంపే అంత కష్టం అడగగలిగిందా? దేవుడనే ఆలోచన మొదట ఎవరికి ఎలా వచ్చిందో కూడా ఇది చెప్పదు. అది ఎడమవైపు పని.

ఇక్కడ చాలామంది తడబడతారు. మొలక, నిలకడ రెండూ తేలినా, ఆ నమ్మకం నిజమా కాదా అన్నది తేలదు. లెక్కలు చేసే మెదడూ పరిణామంలోనే వచ్చింది, అయినా 7కు 5 కలిపితే 12 కాకుండా పోదు. భక్తితో గొడవపడడానికో, భక్తిని కాపాడడానికో ఈ వివరణల్ని వాడుకుంటే రెండువైపులా అన్యాయమే జరుగుతుంది. అందుకే నిజమా కాదా అన్న ప్రశ్నను కాగితం అడుగున వేరేగా రాసుకోమంటున్నాను.

ఈ వారం అభ్యాసం. న్యూగినియా దగ్గరున్న ట్రోబ్రియాండ్ దీవులవాళ్లు లోపలి మడుగులో, అపాయం లేనిచోట, చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాలు చేయరని, ప్రమాదకరమైన నడిసముద్రానికి వెళ్లేటప్పుడు మాత్రం చాలా చేస్తారని మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ రాశాడు. అదుపులో లేనిదాని ముందు కలిగే టెన్షన్‌ను తంతు తగ్గిస్తుందని ఆయన వివరణ. ఇది ఏ వైపుకు వస్తుంది? రెండువైపులా పడుతుందనిపిస్తే, ఏ ముక్క ఎటు పోతుందో విడదీయండి. ఆ తర్వాత, ఏం కనబడితే ఈ వివరణ తప్పని మీరు ఒప్పుకుంటారో ఒక్క వాక్యంలో రాయండి. వచ్చే పాఠం ఆ వాక్యంతోనే మొదలవుతుంది.